టోకమాక్‌లో అయాన్ల చలనం

టోకమాక్ అనునది కేంద్రక సంలీనం కొరకు అత్యుష్ణ ప్లాస్మాను అయస్కాంత క్షేత్రంతో బంధించి ఉంచే, చిల్లుగారె ఆకారం గల యంత్రము. ఇందులోని అయాన్లు ఎంత త్వరగా గోడను చేరుతాయి అనే దానిపైనే సంలీన విద్యుత్తు సాధ్యాసాధ్యాలు చాలావరకు ఆధారపడి ఉన్నవి.

ఇంధనం

సంలీనానికి ముఖ్య ఇంధనాలు హైడ్రోజన్ ఐసోటోపులైన డ్యుటీరియం, ట్రిటియం. మామూలు నీటిలో సుమారు 6,500 హైడ్రోజన్ పరమాణువులకు ఒకటి మాత్రమే డ్యుటీరియం. అశ్వాపురం వద్ద (2016 వరకు ఖమ్మం జిల్లా, తరువాత భద్రాద్రి కొత్తగూడెం జిల్లా) 1991లో ప్రారంభమైన మణుగూరు భారజల కర్మాగారం గోదావరి నీటి నుండి వేరుచేసేది ఈ ఐసోటోపునే. అయితే అక్కడి భారజలం విచ్ఛిత్తి రియాక్టర్ల కొరకు ఉద్దేశించినది.

బలరేఖ చుట్టూ పరిభ్రమణం

విద్యుదావేశం గల కణం అయస్కాంత బలరేఖను అడ్డంగా దాటి పోలేదు. రేఖ చుట్టూ తిరుగుతూ, మరమేకు మీది గాడి వలె ముందుకు సాగుతుంది. 10 కోట్ల డిగ్రీల ఉష్ణోగ్రత, 5 టెస్లాల క్షేత్రం ఉన్నచోట డ్యుటీరియం అయాను సెకనుకు సుమారు 3.8 కోట్ల చుట్లు తిరుగుతుంది. ఆ చుట్టు వ్యాసార్ధం సుమారు 4 మిల్లీమీటర్లే. దీనిని లార్మర్ వ్యాసార్ధం అంటారు. ఎలక్ట్రానుకు ఇది దాదాపు 60 రెట్లు తక్కువ.

ఇంతవరకే అయితే బంధనం సులభమే. కాని గారె రంధ్రం వైపు క్షేత్రం బలంగా, వెలుపలి వైపు బలహీనంగా ఉంటుంది. అందువలన అయాన్లు పైకి జారితే ఎలక్ట్రాన్లు క్రిందికి జారుతాయి (క్షేత్రదిశ మారితే ఇది తారుమారగును). ఇట్లు విడిపోయిన ఆవేశాల మధ్య ఏర్పడే విద్యుత్ క్షేత్రం ప్లాస్మానంతటినీ వెలుపలి గోడ వైపు నెట్టివేస్తుంది. దీనికి విరుగుడుగా ప్లాస్మాలోనే విద్యుత్ ప్రవాహం నడిపి బలరేఖలను మెలిపెడతారు. మెలిపడిన రేఖ వెంట పోవు అయాను కొంతసేపు ప్లాస్మా పైభాగంలో, కొంతసేపు క్రిందిభాగంలో ఉండుటచే జారుడు సగటున రద్దవుతుంది.

అరటిపండు కక్ష్యలు

రేఖ వెంబడి వేగం తక్కువగా ఉన్న అయాన్లు లోపలివైపు బలమైన క్షేత్రాన్ని దాటలేక వెనుదిరుగుతాయి. వీటి మార్గాన్ని అడ్డుకోతలో గీస్తే అరటిపండు వలె కనిపిస్తుంది. శాస్త్రవేత్తలు పెట్టిన పేరు కూడా అదే. ఈ పండు వెడల్పు లార్మర్ వ్యాసార్ధానికి అనేక రెట్లు. కనుక ఒక్కొక్క అభిఘాతానికి అయాను చిన్న అడుగు కాక పెద్ద అంగ వేసి గోడకు చేరువవుతుంది. 1960లలో సోవియట్ శాస్త్రవేత్తలు గలేయెవ్, సగ్దేయెవ్ ఈ నష్టాన్ని లెక్కగట్టారు.

ప్రయోగాలలో కొలిచిన నష్టం తరచు ఈ లెక్కను మించిపోయింది. ప్లాస్మాలోని చిన్న చిన్న సుడులు వేడిని మోసుకుపోవుటయే ఇందుకు ప్రధాన కారణం. 1982లో జర్మనీలోని ఆస్డెక్స్ టోకమాక్‌లో, తాపనశక్తి ఒక హద్దు దాటగానే అంచున సుడులు అణగి బంధనం హఠాత్తుగా మెరుగుపడటం గమనించారు.

భారతదేశంలో

గాంధీనగర్‌లోని ప్లాస్మా పరిశోధన సంస్థలో 1989లో ఆదిత్య టోకమాక్ పనిచేయనారంభించింది. అతివాహక అయస్కాంతాలు గల ఎస్ఎస్‌టీ-1లో 2013లో తొలి ప్లాస్మా ఏర్పడినది. ఫ్రాన్సులో నిర్మిస్తున్న ఇటర్ ప్రాజెక్టులో భారతదేశం 2005లో చేరింది.