విమానయాన సంస్థతో వేతన ఒప్పందం: కార్మిక సంఘం సన్నాహాలు

జీతాలు, పనివేళలు, విశ్రాంతి, సెలవులు, క్రమశిక్షణ చర్యల వంటి విషయాలపై యాజమాన్యంతో కొత్త ఒప్పందానికి కూర్చోబోయే ముందు కార్మిక సంఘం చేసుకునే ఏర్పాట్లన్నీ ఒప్పంద సన్నాహాల కిందికి వస్తాయి. సభ్యుల అభిప్రాయాలు సేకరించడం, సంస్థ ఆదాయ వ్యయాలను చదవడం, చర్చల బృందాన్ని ఎంచుకోవడం, అవసరమైతే సమ్మెకు సిద్ధం కావడం వీటిలో ముఖ్యమైనవి. అమెరికా విమానయాన రంగంలో ఈ పని ఏళ్ల తరబడి సాగుతుంది. అమెరికన్ ఎయిర్‌లైన్స్ కేబిన్ సిబ్బంది తరఫున అసోసియేషన్ ఆఫ్ ప్రొఫెషనల్ ఫ్లైట్ అటెండెంట్స్ (ఏపీఎఫ్ఏ) 2024లో సాధించిన ఒప్పందం దీనికి మంచి ఉదాహరణ. 1977లో స్వతంత్ర సంఘంగా ఏర్పడిన ఏపీఎఫ్ఏలో ఆ ఒప్పందం నాటికి సుమారు 28 వేల మంది సభ్యులున్నారు. సంఘం కార్యాలయం టెక్సస్ రాష్ట్రంలోని యూలెస్‌లో ఉంది. విమాన సంస్థ ప్రధాన కార్యాలయం దానికి దగ్గర్లోనే, ఫోర్ట్‌వర్త్‌లో ఉంది.

చట్టం

అమెరికాలో చాలా ప్రైవేటు పరిశ్రమలకు 1935 నాటి జాతీయ కార్మిక సంబంధాల చట్టం వర్తిస్తుంది. విమాన సంస్థలు మాత్రం రైల్వే లేబర్ యాక్ట్ పరిధిలో ఉంటాయి. రైల్వేల కోసం 1926లో చేసిన ఈ చట్టాన్ని 1936లో సవరించి విమానయానాన్ని అందులో చేర్చారు. రవాణా ఆగితే వ్యాపారమంతా స్తంభిస్తుందన్న భయం ఈ చట్టానికి మూలం. అందుకే ఇది సమ్మె హక్కును తీసేయలేదు గానీ, ఆ హక్కు దాకా చేరే దారిని చాలా పొడవు చేసింది.

ఈ చట్టం కింద కుదిరిన ఒప్పందం ఫలానా తేదీతో ముగిసిపోదు. ఆ తేదీ నుంచి మార్పులు కోరే వీలు వస్తుంది. కొత్తది కుదిరేదాకా పాత ఒప్పందమే నడుస్తుంది. మార్పులు కోరేవారు 30 రోజుల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. నేరుగా జరిపిన చర్చలు తెగకపోతే ఎవరైనా నేషనల్ మీడియేషన్ బోర్డును ఆశ్రయించవచ్చు. అధ్యక్షుడు నియమించి సెనేట్ ఆమోదించే ముగ్గురు సభ్యుల బోర్డు ఇది. ఇది తీర్పు చెప్పదు, రాజీకి ప్రయత్నిస్తుంది. ఆ ప్రయత్నానికి మాత్రం కాలపరిమితి లేదు. ఇక లాభం లేదని బోర్డు తేల్చేవరకు సంఘం సమ్మె చేయకూడదు, యాజమాన్యం లాకౌట్ చేయకూడదు. అలా తేల్చినప్పుడు వివాదాన్ని ఆర్బిట్రేటర్‌కు, అంటే ఇరుపక్షాలూ కట్టుబడాల్సిన తీర్పు చెప్పే మధ్యవర్తికి, అప్పగించండని బోర్డు సూచిస్తుంది. ఏ ఒక్క పక్షం కాదన్నా 30 రోజుల గడువు మొదలవుతుంది. అది దాటాకే సమ్మె. అప్పుడు కూడా అధ్యక్షుడు అత్యవసర బోర్డును వేస్తే మరో 60 రోజులు ఆగాలి. 1997 ఫిబ్రవరిలో ఇదే అమెరికన్ ఎయిర్‌లైన్స్ పైలట్లు అర్ధరాత్రి సమ్మె మొదలుపెట్టగా, నిమిషాల వ్యవధిలో అధ్యక్షుడు బిల్ క్లింటన్ అత్యవసర బోర్డు వేసి దాన్ని ఆపించారు.

చట్టం ఇద్దరినీ సమానంగా కట్టడి చేసినట్టు కనిపిస్తుంది. కానీ జాప్యం వల్ల కలిగే నష్టం ఇద్దరికీ సమానం కాదు. వేతన సవరణ (పీఆర్సీ) ఆలస్యమైన ఏళ్లలో పాత జీతంతో పెరిగిన ధరలను మోసిన తెలుగు రాష్ట్రాల ఉద్యోగులకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కర్లేదు. చర్చలు సాగినన్నాళ్లూ యాజమాన్యం పాత రేట్లకే పని చేయించుకుంటుంది. కొత్తగా చేరిన, తక్కువ జీతగాళ్ల మీద ఆ బరువు ఎక్కువ పడుతుంది. కాబట్టి సంఘం సన్నాహాల్లో సగం ఈ కాలాన్ని తట్టుకోవడానికే.

పాత అనుభవాలు

ఏపీఎఫ్ఏ చరిత్రలో రెండు ఘటనలు తర్వాతి సన్నాహాలన్నిటికీ పాఠాలయ్యాయి. మొదటిది 1993 సమ్మె. సంఘానికి అప్పుడు డెనీస్ హెడ్జెస్, సంస్థకు రాబర్ట్ క్రాండల్ నాయకత్వం వహిస్తున్నారు. అమెరికాలో ప్రయాణాలు అత్యధికంగా జరిగే థ్యాంక్స్‌గివింగ్ పండుగకు ముందు, నవంబరు 18న కేబిన్ సిబ్బంది 11 రోజులు చేయాలనుకున్న సమ్మెకు దిగారు. అమెరికా నిబంధనల ప్రకారం ప్రతి 50 సీట్లకు కనీసం ఒక ఫ్లైట్ అటెండెంట్ ఉండాలి. వారు లేకుండా ప్రయాణికులను ఎక్కించకూడదు గానీ విమానాన్ని నడపవచ్చు. సంస్థ చాలా విమానాలను ఖాళీగానే ఎగరేసింది. ఐదో రోజున క్లింటన్ జోక్యంతో ఇరుపక్షాలూ ఆర్బిట్రేషన్‌కు ఒప్పుకోగా సమ్మె ముగిసింది. పనివాళ్ల బలం ఎక్కడుందో, దాన్ని ఏ రోజుల్లో వాడాలో ఆ ఐదు రోజులు తేల్చిచెప్పాయి.

రెండోది 2014 నాటిది. 2011 నవంబరులో అమెరికన్ ఎయిర్‌లైన్స్ దివాలా రక్షణ కోరింది. 2013 డిసెంబరులో యూఎస్ ఎయిర్‌వేస్‌తో విలీనమైంది. రెండు సంస్థల సిబ్బందికీ కలిపి నాయకులు కుదుర్చుకొచ్చిన తాత్కాలిక ఒప్పందాన్ని సభ్యులు 2014 నవంబరులో తిరస్కరించారు. అనుకూలంగా 8,180 ఓట్లు, వ్యతిరేకంగా 8,196 ఓట్లు పడ్డాయి. తేడా 16. ముందే రాసుకున్న షరతు ప్రకారం వ్యవహారం ఆర్బిట్రేషన్ దారి పట్టింది. ఏళ్లపాటు కష్టపడి బల్ల మీదికి తెచ్చినదాన్ని సభ్యులు కాదనడానికి 16 ఓట్ల తేడా చాలు. యాజమాన్యాన్ని ఒప్పించడం ఎంత పనో, తన మనుషుల మనసు ముందే తెలుసుకోవడం కూడా సంఘానికి అంతే పని.

లెక్కలు, కోరికలు

ఆ ఆర్బిట్రేషన్ తర్వాత 2014 డిసెంబరులో ఖరారైన ఒప్పందం ఐదేళ్లకు, అంటే 2019 డిసెంబరుకు సవరణకు వచ్చింది. ఇంతలో 2020లో మహమ్మారి విరుచుకుపడి చర్చలు ఆగిపోయాయి. ఆ ఏడాది అక్టోబరులో సంస్థ 19 వేల మంది ఉద్యోగులను జీతం లేకుండా ఇళ్లకు పంపింది. ప్రభుత్వ సాయం అందాక వారిని వెనక్కి పిలిచారు. 2021లో చర్చలు మళ్లీ మొదలయ్యేసరికి, కేబిన్ సిబ్బందికి 2019 తర్వాత జీతం పెరిగిందే లేదు.

ఇలాంటి సమయంలో సంఘం మొదట చేసేది సభ్యుల సర్వే. అందరి కోరికలూ ఒకటి కావు. ఈ ఉద్యోగంలో సర్వం సీనియారిటీ మీదే నడుస్తుంది. ఏ విమానంలో వెళ్లాలి, ఏ రోజు సెలవు దొరకాలి అన్నవి కూడా అంతే. జీతపు మెట్లు పూర్తిగా ఎక్కడానికి 13 ఏళ్లు పడుతుంది. పైమెట్టు చేరినవారు గంట రేటు, పదవీ విరమణ సౌకర్యాల గురించి అడుగుతారు. కింది మెట్లలోవారు రిజర్వు డ్యూటీ గురించి అడుగుతారు. రిజర్వు అంటే ఏ విమానమూ ఖాయం కాకుండా, పిలుపు ఎప్పుడు వస్తుందా అని సిద్ధంగా ఉండటం. కొత్తగా చేరినవారి వార్షికాదాయం 27 వేల డాలర్ల చుట్టూ ఉండేది. బోస్టన్, న్యూయార్క్ లాంటి నగరాల్లో ఆ డబ్బుతో విడిగా ఇల్లు తీసుకోవడం కుదరదు. ఈ రెండు తరాల కోరికలకూ ఒకే కాగితం మీద చోటివ్వడం చర్చల బృందానికి అన్నిటికన్నా కష్టమైన పని.

ఆ తర్వాత ప్రతి కోరికకూ ధర కట్టాలి. సంఘాలు ఇందుకు ఆర్థిక నిపుణులను పెట్టుకుంటాయి. సంస్థ షేర్లు మార్కెట్లో ఉన్నందున త్రైమాసిక, వార్షిక నివేదికలు బహిరంగంగానే దొరుకుతాయి. పోటీ విమాన సంస్థలైన డెల్టా, యునైటెడ్, సౌత్‌వెస్ట్ ఏం ఇస్తున్నాయో పక్కన పెట్టి చూపాలి. సొంత సంస్థలోని పైలట్లు 2023 ఆగస్టులో భారీ పెంపుతో ఒప్పందం ఆమోదించుకున్నారు. డబ్బు లేదన్న మాటకు ఇంతకంటే గట్టి జవాబు దొరకదు.

ఈ లెక్కల్లో ముఖ్యమైనది బోర్డింగ్ వేతనం. కేబిన్ సిబ్బంది గంటల జీతం విమానం తలుపు మూసి గేటు నుంచి కదిలాకే మొదలయ్యేది. ప్రయాణికులను ఎక్కించడం, సామాన్లు సర్దించడం, పసిపిల్లల తల్లులకూ వృద్ధులకూ సాయపడటం, తాగి గొడవ చేసేవారిని గుర్తుపట్టడం, ఇవన్నీ ఆ గడియారం తిరగకముందు చేసే పనులే. చేతినిండా పని ఉన్న సమయానికి జీతం లేకపోవడం అన్యాయమని ఎవరినడిగినా ఒప్పుకుంటారు. 2022లో డెల్టా ఆ సమయానికి సగం రేటు ఇవ్వడం మొదలుపెట్టింది. డెల్టా కేబిన్ సిబ్బందికి సంఘం లేదు. అక్కడ సంఘం పెట్టించే ప్రయత్నాలు సాగుతున్న రోజుల్లోనే ఈ నిర్ణయం వచ్చింది. పోటీ సంస్థ ఇచ్చినదాన్ని అడగడం ఏపీఎఫ్ఏకు సులువైంది. అయితే డెల్టాలో అది యాజమాన్యం ఇచ్చింది, కావాలంటే వెనక్కి తీసుకోవచ్చు. ఒప్పందంలో రాయించుకున్నదాన్ని అలా తీసేయలేరు.

సమ్మె ఓటు, రాజీ బోర్డు

బోర్డు అనుమతి లేనిదే సమ్మె కుదరనప్పుడు సమ్మెపై ఓటింగ్ ఎందుకన్న ప్రశ్న వస్తుంది. బల్ల అవతల కూర్చున్నవారికి సభ్యుల ఐక్యత చూపడానికే ఆ ఓటింగ్. 2023 ఆగస్టు 30న వెల్లడైన ఫలితంలో 93 శాతం సభ్యులు పాల్గొనగా, వారిలో 99 శాతానికి పైగా సమ్మెకు అధికారమిచ్చారు. డ్యూటీ లేని సిబ్బంది యూనిఫాంలో విమానాశ్రయాల ముందు ప్లకార్డులు పట్టి నిలబడ్డారు. పని ఆపకుండా చేసే ఇలాంటి ప్రదర్శనలకు చట్టం అడ్డు చెప్పదు.

2023 చివర్లో తమను రాజీ ప్రక్రియ నుంచి విడుదల చేయాలని సంఘం కోరితే బోర్డు ఒప్పుకోలేదు. 2024 జూన్‌లో సీఈఓ రాబర్ట్ ఐసమ్ ఒక ప్రతిపాదన చేశారు. చర్చలు సాగుతుండగానే వెంటనే 17 శాతం పెంచుతామన్నది దాని సారాంశం. జూలీ హెడ్రిక్ అధ్యక్షతన ఉన్న సంఘం దాన్ని కాదంది. ఐదేళ్లుగా పెంపు లేనివారికి చేతికొచ్చే డబ్బు వద్దనడం చిన్న విషయం కాదు. ఆ డబ్బు తీసుకుంటే రిజర్వు, బోర్డింగ్, బకాయిల వంటి మిగతా అంశాల మీద ఒత్తిడి సడలేది. సభ్యులకు ముందునుంచీ వివరంగా చెప్పిపెట్టుకున్న సంఘమే అలాంటి నిర్ణయం తీసుకోగలదు.

ఫలితం

2024 జూలైలో తాత్కాలిక ఒప్పందం కుదిరింది. సెప్టెంబరు 12న 87 శాతం ఓట్లతో సభ్యులు ఆమోదించారు. ఓటింగ్‌లో 95 శాతం మంది పాల్గొన్నారు. ఆరంభంలోనే 20.5 శాతం వరకు పెంపు, జాప్యమైన కాలానికి బకాయిలు, సగం రేటుతో బోర్డింగ్ వేతనం ఐదేళ్ల ఒప్పందంలో చేరాయి. పదేళ్ల కిందట 16 ఓట్ల తేడాతో ఓడిన సంఘానికి ఇది పెద్ద మార్పు.

మిగతాచోట్ల అన్నీ ఇలా సాఫీగా జరగలేదు. సౌత్‌వెస్ట్ సిబ్బంది 2023 డిసెంబరులో మొదటి ఒప్పందాన్ని తిరస్కరించి, 2024 ఏప్రిల్‌లో మెరుగైనదాన్ని ఆమోదించారు. యునైటెడ్ సిబ్బందిలో 71 శాతం 2025 జూలైలో తమ తాత్కాలిక ఒప్పందాన్ని కాదన్నారు.

భారతదేశంలో

సంఘాలూ యాజమాన్యాలూ తమలో తాము మాట్లాడుకుని తేల్చుకోవాలా, ప్రభుత్వం తీర్పరిగా ఉండాలా అన్న చర్చలో భారతదేశంలో గట్టిగా వినిపించిన గొంతు వి.వి.గిరిది. తెలుగు కుటుంబంలో పుట్టి రైల్వే కార్మికోద్యమంలో ఎదిగిన ఆయన, కేంద్ర కార్మిక మంత్రిగా బేరసారాలవైపే నిలబడ్డారు. బ్యాంకు ఉద్యోగుల వివాదంలో ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం మార్చడంతో 1954లో పదవికి రాజీనామా చేశారు. విమానయానంలో ఆయన కోరుకున్న పద్ధతి స్థిరపడలేదు. 2012లో ఎయిరిండియా పైలట్ల సమ్మె 58 రోజులు సాగింది. 2024 మేలో ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్ కేబిన్ సిబ్బంది మూకుమ్మడిగా అనారోగ్య సెలవు పెట్టారు. సంస్థ 25 మందిని తొలగించింది. ప్రధాన కార్మిక కమిషనర్ ఎదుట చర్చలయ్యాక వారిని తిరిగి తీసుకుంది. ఏళ్లపాటు ఓపికగా చేసుకునే సన్నాహం లేనిచోట కోపం ఇలాగే ఒక్కసారిగా బయటపడుతుంది.

2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల స్మృతి ప్రకారం సమ్మెకు ముందస్తు నోటీసు తప్పనిసరి. ఒక సంస్థలో పలు సంఘాలున్నచోట కనీసం 51 శాతం ఉద్యోగుల మద్దతున్న సంఘానికే చర్చలు జరిపే ఏకైక ప్రతినిధిగా గుర్తింపు దొరుకుతుంది. అందువల్ల ఇక్కడి విమాన సిబ్బంది సన్నాహాలు కోరికల పట్టికతో కాక సభ్యత్వ పుస్తకంతో మొదలుకావాలి.