చెవిటి మిషను మన సీమకొచ్చిన దారి

తిరుపతి, చిత్తూరు వైపు నడివయసు దాటినవాళ్లను చెవిటి మిషను ఎలా ఉంటుందని అడగండి. చాలామంది చెయ్యి చొక్కా జేబు మీదికి పోతుంది. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్ద డబ్బా, జేబుకు తగిలించే క్లిప్పు, శబ్దం పెంచుకునే చిన్న చక్రం, అక్కడినుంచి మెడ పక్కగా చెవిదాకా పాకిన తీగ. లోపల పెన్ సెల్. మైకు డబ్బాలోనే ఉండేది కాబట్టి ఎదుటి మనిషి మాట కన్నా ముందు జేబుగుడ్డ రాపిడి చెవిలో పడేది. జేబులేని రవికెలు తొడుక్కునే ఆడవాళ్లు ఆ డబ్బాను ఎక్కడ పెట్టుకోవాలో దాన్ని తయారు చేసినవాళ్లు ఆలోచించినట్టు లేదు. దూరంనుంచి చూసినవాళ్లు, పెద్దాయన ట్రాన్సిస్టర్‌లో క్రికెట్ వింటున్నాడనుకునేవాళ్లు.

ఆ డబ్బాల్లో ఎక్కువభాగం అంగట్లో కొన్నవి కావు, క్యాంపుల్లో ఇచ్చినవి. కళ్లజోడు మన ఊళ్లకు అంగడి దారిన వచ్చింది, చెవిటి మిషను వైకల్య సర్టిఫికెట్ దారిన వచ్చింది. చత్వారం వస్తే అద్దాలు పెట్టుకోవడానికి ఎవరూ వెనకాడరు. అదే మనిషిని డెబ్బయ్యో ఏట మిషను పెట్టుకోమంటే, "నేనేమన్నా చెవిటోడినా?" అని లేచిపోతాడు. మనం దాన్ని సిగ్గు అని కొట్టిపారేస్తాం. ఆ వస్తువు మన మధ్యకు వచ్చిన తీరులోనే సగం కారణం ఉందని నాకనిపిస్తుంది.

అసలు మొట్టమొదటి మిషను అరచెయ్యి. చెవి వెనక దొప్పలా పెడితే ఎదుటినుంచి వచ్చే ధ్వని కొంత పెరుగుతుంది, వెనకనుంచి వచ్చే రొద కొంత తగ్గుతుంది. పశువుల కొమ్ములు, గవ్వలు ఆ తర్వాత వచ్చాయి. మన దేశంలో యంత్రం కన్నా మందు ముందు వచ్చింది. సుశ్రుతుడు చెవిరోగాల లెక్కలో బాధిర్యాన్ని చేర్చాడు, ఆయుర్వేదం మారేడుతో కాచిన తైలం చెప్పింది, మన అవ్వలు వెల్లుల్లి వేసి కాచిన నూనె పోశారు. గులిమి గట్టిపడి చెవి మూసుకుంటే నూనె దాన్ని మెత్తబరుస్తుంది, వినికిడి తిరిగొస్తుంది. లోపలి నరం దెబ్బతింటే మాత్రం ఎంత నూనె పోసినా అంతే. చెవిలోంచి చీము కారుతున్నప్పుడు, కర్ణభేరికి రంధ్రం ఉన్నప్పుడు నూనె పోస్తే ఉన్నదీ పోతుంది.

ఐరోపాలో గరాటు ఆకారపు బాకాలు పదిహేడో శతాబ్దంనుంచే కనిపిస్తాయి. లండన్‌లో ఫ్రెడరిక్ రెయిన్ 1800లో వాటికోసమే దుకాణం పెట్టాడు. పోర్చుగల్ రాజు ఆరో జువావ్‌కు 1819లో అతను చేసిన సింహాసనం చూడాలి. చేతులు ఆన్చుకునే చోట నోళ్లు తెరిచిన సింహాలు. వచ్చినవాళ్లు మోకాళ్ల మీద కూర్చుని ఆ నోట్లో మాట్లాడితే, గొట్టాలగుండా రాజుగారి చెవికి చేరేది. రాజుకు చెవుడొస్తే ప్రజలు వంగారు. మామూలు మనిషికి చెవుడొస్తే అతనే వంగాలి.

కరెంటు మిషను కథలో నాకు బాగా నచ్చిన మనిషి మిల్లర్ రీస్ హచిసన్. అమెరికాలోని అలబామావాడు. టెలిఫోన్‌లో వాడే కార్బన్ మైకును పట్టుకుని 1898 ప్రాంతంలో అకూఫోన్ అనే బల్లమీది యంత్రం చేశాడు. తర్వాత దాన్ని మోసుకుపోయేంత చిన్నది చేసి అకౌస్టికాన్ అన్నాడు. ఇంగ్లండ్ రాణి అలెగ్జాండ్రా 1902 పట్టాభిషేకంలో దాన్ని వాడింది. ఇదే హచిసన్ కొన్నేళ్లకు మోటారుకార్ల క్లాక్సన్ హారన్ కూడా కనిపెట్టాడు. మిషన్లు అమ్ముడుపోవాలని జనాన్ని చెవిటివాళ్లను చేస్తున్నాడని అప్పట్లో హాస్యమాడారట. తిరుపతి బస్టాండు ముందు పది నిమిషాలు నిలబడితే ఆ హాస్యంలో నిజమెంతో తెలుస్తుంది.

అలెగ్జాండ్రా పుట్టిల్లు డెన్మార్క్. రాణిగారి చెవి యంత్రం గురించి తెలుసుకున్న హాన్స్ డిమాంట్ అనే డేనిష్ వ్యాపారి, వినికిడి తగ్గిన తన భార్య కెమిల్లా కోసం ఇంగ్లండ్ వెళ్లి ఒకటి తెచ్చాడు. 1904లో వాటిని తెప్పించి అమ్మే వ్యాపారమే పెట్టాడు. ఈనాటి ఓటికాన్ కంపెనీకి మూలం అదే. ఇప్పటికీ ప్రపంచంలో పెద్దపెద్ద మిషను కంపెనీలు కొన్ని ఆ చిన్న దేశంలోనే ఉన్నాయి.

డెన్మార్క్ అంటే మనకు ఇంకో జ్ఞాపకం ఉంది. ఒకప్పటి చిత్తూరు జిల్లా మదనపల్లెలో 1912లో మొదలై, తర్వాత ఊరి బయట ఆరోగ్యవరంలో స్థిరపడ్డ క్షయ ఆసుపత్రికి తొలి పెద్ద డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ డేనిష్‌వాడే. ఆయన కాలంలో క్షయకు గాలి, విశ్రాంతి, తిండి మాత్రమే మందు. స్ట్రెప్టోమైసిన్ 1943లో బయటపడింది. క్షయరోగుల్ని బతికించిన ఆ సూదిమందు కొందరి లోపలి చెవిని దెబ్బతీస్తుందని మొదటి కొన్నేళ్లలోనే డాక్టర్లు గమనించారు. ఒకరికి తూలుడు, ఇంకొకరికి చెవిలో హోరు, మరొకరికి చెవుడు. కనామైసిన్, అమికాసిన్ కూడా అదే జాతి. ఊపిరితిత్తుల జబ్బు తగ్గి ఇంటికొచ్చిన మనిషికి మాట వినిపించకపోతే ఇంట్లోవాళ్లు ఆ రెంటినీ కలిపి చూసేవాళ్లు కారు.

వాక్యూమ్ గొట్టాల మిషన్లు 1920ల్లో వచ్చాయి. బ్యాటరీల బరువు మోయలేక వాటిని నడుముకు కట్టుకునేవాళ్లు. ఆ బరువు దించింది ట్రాన్సిస్టర్. 1947 డిసెంబరులో బెల్ లాబ్స్‌లో అది పుట్టింది. టెలిఫోన్ కనిపెట్టిన గ్రహాంబెల్ తల్లికీ భార్యకీ చెవుడు, ఆయన వృత్తి చెవిటి పిల్లలకు చదువు చెప్పడం. ఆయన పేరు మీద నడిచే ఆ లాబ్స్, ఆయన మీది గౌరవంతో చెవి మిషన్లు చేసేవాళ్ల దగ్గర ట్రాన్సిస్టర్‌కు రాయల్టీ తీసుకోలేదు. 1952 డిసెంబరు చివర్లో వచ్చిన సోనోటోన్ 1010లో రెండు గొట్టాలు, ఒక ట్రాన్సిస్టర్. జేబు రేడియో బజారుకొచ్చింది 1954లో. అంటే జేబులో మిషనును చూసి ట్రాన్సిస్టర్ అనుకున్న మనవాళ్లు పెద్దగా పొరబడలేదు, ట్రాన్సిస్టర్ దూరింది ముందు చెవిటివాడి జేబులోకే.

అక్కడినుంచి మనదాకా రావడానికి ప్రభుత్వం పూనుకోవాల్సి వచ్చింది. మైసూరులో వాక్ శ్రవణ సంస్థ 1965లో ఏర్పడింది. కృత్రిమ అవయవాల కోసం కాన్పూర్‌లో అలింకో 1972లో వచ్చింది. వికలాంగులకు ఉపకరణాలిచ్చే కేంద్రపథకం 1981లో మొదలైంది. ముంబయిలో 1983లో పెట్టిన జాతీయ బధిర సంస్థకు హైదరాబాదువాడైన అలీ యావర్ జంగ్ పేరు పెట్టారు, దాని ప్రాంతీయ కేంద్రం సికింద్రాబాదులో ఉంది. చిత్తూరువాళ్లు మాత్రం అంత దూరం పోలేదు, గంట ప్రయాణంలో ఉన్న వేలూరు సీఎంసీ ఆసుపత్రికి పోయారు. కుప్పం, పలమనేరు వాళ్లు బెంగళూరు బస్సెక్కారు. సరిహద్దు జిల్లా కావడం చెవి విషయంలో కలిసొచ్చింది.

తిరుపతిలో ఆ పని దేవస్థానం చేతికెత్తుకుంది. టీటీడీ నడిపే శ్రీవేంకటేశ్వర బధిర పాఠశాలకు చుట్టుపక్కల జిల్లాలనుంచి పిల్లలు వస్తారు. బళ్లోకి వచ్చేసరికే ఆలస్యమైపోతోందని, మరీ చిన్నపిల్లల కోసం శ్రవణం అనే కేంద్రం పెట్టారు. అక్కడ బిడ్డతోపాటు తల్లి కూడా విద్యార్థే. మిషను తగిలించి, మాట నేర్పించే పద్ధతి ఆమెకు చెబుతారు. బిడ్డ పెదవులు చూసి పసిగట్టకుండా కొన్నిసార్లు నోటికి చెయ్యి అడ్డం పెట్టి మరీ పలుకుతారు. ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురు పిల్లలకు పుట్టుచెవుడు ఉండటం ఈ ప్రాంతంలో వింత కాదు. మేనరికాలు, అక్క కూతుర్ని చేసుకోవడం తరతరాలుగా సాగిన సీమలో, తల్లిలో తండ్రిలో దాగి ఉన్న ఒకే లోపం బిడ్డలో కలుసుకునే అవకాశం ఎక్కువ. "సామి ఇచ్చినాడు, ఏం చేస్తాం" అనే మాట ఇంకా వినిపిస్తుంది. సామి ఇచ్చింది మేనమామను, పెళ్లి పెట్టింది మనం.

2007లో మొదలైన ఆరోగ్యశ్రీ, లక్షలు ఖరీదు చేసే కాక్లియర్ ఇంప్లాంట్‌ను పేదపిల్లలకు అందించింది. మిషను శబ్దాన్ని పెంచి పంపిస్తే, ఇది చెడిపోయిన చోటు దాటి నేరుగా నరానికి కరెంటు సంకేతం పంపుతుంది. ఆపరేషన్ అయిన మర్నాడే బిడ్డ అమ్మా అంటుందనుకున్నవాళ్లు చాలామంది. ఆ తర్వాత నెలలతరబడి మాటల శిక్షణ ఉంటుంది. చెవి పైన తగిలించే భాగం చెడినా, దాని తీగ తెగినా అయ్యే ఖర్చు వేరే.

వయసుతో వచ్చే చెవుడిది వేరే దారి. లోపలి చెవి నత్తగుల్లలా చుట్టలు తిరిగి ఉంటుంది. సన్నటి శబ్దాలు పట్టే కణాలు దాని మొదట్లోనే ఉంటాయి, ముందు అవే పోతాయి. అచ్చులు బలమైనవి కాబట్టి వినబడతాయి. క, ప, త, స లాంటివి ఊపిరి మీద బతికే హల్లులు, అవి జారిపోతాయి. తాతకు పప్పు, కప్పు, తప్పు మూడూ ఒక్కటే. మాట వినిపిస్తుంది, ఏ మాటో తెలియదు. "గొణగబాక నాయనా, గట్టిగా చెప్పు" అంటాడు. గట్టిగా చెబితే "ఎందుకురా అట్లా అరస్తావు, చెవులు పగిలిపోతాయి" అంటాడు. ఇంట్లోవాళ్లకు ఇది చాదస్తం. ఆ కణాలు పోయినప్పుడు చిన్నశబ్దం పోతుంది గాని, పెద్దశబ్దాన్ని భరించే హద్దు మాత్రం పెరగదు. రెంటి మధ్య చోటు ఇరుకైపోతుంది. ఆయన రెండు ఫిర్యాదులూ నిజమే.

పాత జేబు డబ్బా అన్నిటినీ ఒకే తీరున పెంచేది. కోడలి మాటతోపాటు గిన్నె పడ్డ చప్పుడూ పెరిగేది. క్యాంపులో ఇచ్చిన మిషన్లు అన్ని బీరువాల్లో ఎందుకు పడున్నాయో ఇక్కడే అర్థమవుతుంది. 1996లో వైడెక్స్, ఓటికాన్ కంపెనీలు పూర్తి డిజిటల్ మిషన్లు తెచ్చాక, వినికిడి పరీక్ష పటం (ఆడియోగ్రామ్) చూసి పోయిన స్థాయిల్ని మాత్రమే పెంచడం, పెద్దశబ్దాన్ని అణచడం సాధ్యమైంది. అయినా గుంపులో కష్టమే. తిరుమల క్యూ కాంప్లెక్స్ కంపార్ట్‌మెంటులో వందలమంది మాటలు, గోవిందనామాలు, మైకులో ప్రకటనలు అన్నీ ఒక్కసారి పైబడితే ఎంత ఖరీదైన మిషనైనా తడబడుతుంది. కల్యాణకట్టలో దాన్ని తీసి కొడుకు చేతికిచ్చి కూర్చోవాలి. అప్పుడు "తల వంచు సామీ" అని క్షురకుడు చెప్పినా వినపడదు, భుజం తట్టాల్సిందే. చెమట, తడి దానికి శత్రువులు. రాత్రిపూట సిలికా జెల్ ఉన్న డబ్బాలో పెట్టాలి. బటన్ బ్యాటరీకి అంటించిన రంగుకాగితం తీసి, ఒక నిమిషం గాలి తగలనిచ్చాకే లోపల వెయ్యాలి, ఎందుకంటే అది గాలితో పనిచేసే జింకు బ్యాటరీ. నారింజరంగు కాగితమైతే 13 నంబరు, నీలమైతే 675. మందులషాపులో నంబరు గుర్తురాకపోతే రంగు చెబితే సరి.

ఇప్పుడు సర్టిఫికెట్ దగ్గరికి మళ్లీ వస్తాను. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం రెండు చెవుల్లోనూ 60 డెసిబెల్స్ పోతేనే వినికిడి లోపం కిందికి వస్తుంది, 70 పోతే బధిరత్వం. మామూలు సంభాషణ దాదాపు 60 దగ్గర ఉంటుంది. 50 పోయిన మనిషి ఇంట్లో సగం మాటలు అందుకోలేడు, వైకల్యం తేల్చే సదరం క్యాంపులో మాత్రం అతనికేమీ లేదు. వికలాంగుల పింఛనూ రాదు, ఆ సర్టిఫికెట్ మీద ఇచ్చే ఉచిత మిషనూ రాదు. ఎక్కువమంది ముసలివాళ్లు ఈ మధ్యలోనే చిక్కుకున్నారు. సర్కారు లెక్కలో చెవిటివాళ్లు కారు, ఇంటి లెక్కలో వినిపించుకోరు. క్యాంపు దారిన వచ్చిన వస్తువు కాబట్టి అంగట్లో కొనాలన్న ఆలోచనే రాదు, కొందామన్నా ధర వేలనుంచి లక్షలదాకా పలుకుతుంది.

కంపెనీలు వందేళ్లుగా ఒకే మాట మీద బతికాయి, చిన్నది, ఎవరికీ కనపడదు అని. దాచాల్సిన వస్తువని మనకు నేర్పింది వాళ్లే. ఆ పాఠాన్ని చెరిపేస్తున్నది ఎవరో కాదు, చెవుల్లో బడ్స్ పెట్టుకుని తిరిగే మనవళ్లు. అలిపిరి మెట్ల మీద నడిచే కుర్రాళ్లలో ఎంతమంది చెవులు ఖాళీగా ఉన్నాయి? అమెరికాలో 2022నుంచి కొన్ని మిషన్లు డాక్టరు చీటీ లేకుండానే అమ్ముతున్నారు. 2024లో ఆపిల్ బడ్స్‌కు చెవి మిషనుగా పనిచేసే అనుమతి కూడా ఇచ్చారు. ఇవన్నీ వినికిడి ఓ మోస్తరుగా తగ్గినవాళ్లకే. అంతకు మించితే చెవి వెనక మిషనే కావాలి, దానికి చెవిరంధ్రం కొలతకు అచ్చు తీయించాలి. అచ్చు వదులైతే మనవడు వచ్చి మెడ వాటేసుకున్నప్పుడల్లా అది కీచుమంటుంది.