ఓటెయ్యకపోతే జరిమానా వెయ్యాలా?

ఎన్నికలైన మర్నాడు ఏ ఆఫీసు క్యాంటీన్లోనైనా తప్పకుండా వినబడే మాట ఒకటుంది. "ఓటెయ్యని వాళ్ళకి జరిమానా వెయ్యాలండీ, ఆస్ట్రేలియాని చూడండి!" 2024 పార్లమెంటు ఎన్నికల్లో హైదరాబాదు నియోజకవర్గంలో పోలింగు 48 శాతం చిల్లర. అదే రోజు, అంటే మే 13న, ఆంధ్రప్రదేశ్‌లో 80 శాతం దాటింది. ఇంకేముంది, చదువుకున్న వాళ్ళకి బాధ్యత లేదు, సెలవిస్తే సినిమాకి పోతారు అని అందరూ మన సాఫ్టువేరు జనాల మీద పడ్డారు.

తిట్లకేం గానీ, ఆ "ఆస్ట్రేలియాని చూడండి" అన్న మాట దగ్గరే నాకు పేచీ. చూడమన్నారు కాబట్టి కాస్త పూర్తిగానే చూద్దాం.

ఆస్ట్రేలియా జాతీయ స్థాయిలో ఓటు తప్పనిసరి చేసింది 1924లో. దానికి ముందు 1922లో జరిగిన ఎన్నికల్లో పోలింగు 60 శాతం కూడా రాలేదు. టాస్మేనియాకి చెందిన హెర్బర్ట్ పేన్ అనే సెనేటరు ఒక ప్రైవేటు బిల్లు పెట్టాడు. పెద్దగా చర్చేమీ లేకుండానే అది ఉభయ సభల్లోనూ గట్టెక్కేసింది. 1925 ఎన్నికల్లో పోలింగు 91 శాతం! మన క్యాంటీను మేధావులు చెప్పే కథ ఇక్కడితో అయిపోతుంది. జరిమానా వేశారు, జనం దారికొచ్చారు, శుభం.

అసలు కథ అంతకు 13 ఏళ్ళ ముందే మొదలైంది. 1911లో ఆ దేశం ఎన్నికల చట్టాన్ని సవరించింది. ఓటరుగా పేరు నమోదు చేసుకోవడం అప్పుడే తప్పనిసరి అయింది. పోలింగు శనివారం పెట్టాలన్నదీ అప్పుడే. సొంత నియోజకవర్గంలో లేనివాడు వేరే చోట నుంచి ఓటేసే ఏర్పాటు కూడా ఆ సవరణల్లోదే. అంటే ముందు జాబితా సరిచేశారు, తర్వాత జనానికి వీలైన రోజు చూశారు, ఊళ్ళో లేనివాడి సంగతి ఆలోచించారు. ఇవన్నీ అయ్యాక "ఇంకా ఎందుకు రాలేదయ్యా?" అని అడిగారు. అడిగే హక్కు అప్పటికి వాళ్ళకొచ్చింది.

ఇంకో ముచ్చట. జాతీయ చట్టం కంటే ముందే, 1915లో, క్వీన్స్‌లాండ్ రాష్ట్రం ఈ పని చేసింది. చేసింది డిగ్బీ డెన్హమ్ గారి లిబరల్ ప్రభుత్వం. లేబర్ పార్టీకి కార్మిక సంఘాలున్నాయి, వాళ్ళు తమ ఓటర్లని బూతుకి తోలుకొస్తారు, మనవాళ్ళేమో ఇంట్లో కూర్చుంటారు, చట్టం పెడితే మనవాళ్ళూ కదులుతారు అన్నది ఆయన లెక్క. ఎన్నికలొచ్చాయి, అందరూ ఓటేశారు, లేబర్ గెలిచింది. డెన్హమ్ గారు తన సొంత సీటు కూడా పోగొట్టుకున్నారు! నిర్బంధ ఓటింగు వెనక ప్రజాస్వామ్య ప్రేమ ఒక్కటే ఉంటుందనుకునే వాళ్ళు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. జనాన్ని బూతుకి తీసుకొచ్చే ఖర్చు పార్టీల నెత్తిన కాకుండా చట్టం నెత్తిన పడితే ఏ పార్టీకైనా హాయే కదా.

సరే, "నాకు ఏ అభ్యర్థీ నచ్చలేదు" అంటే? ఈ ప్రశ్న కూడా వాళ్ళ సుప్రీం స్థాయి కోర్టుకి వెళ్ళింది. ఎర్నెస్ట్ జడ్ అనే సోషలిస్టు, పోటీలో ఉన్న వాళ్ళంతా పెట్టుబడిదారీ వ్యవస్థని సమర్థించే వాళ్ళే కాబట్టి నేను ఓటెయ్యను అన్నాడు. 1926లో కోర్టు అది చెల్లే కారణం కాదని తేల్చింది. కానీ తమాషా ఏంటంటే, ఓటు రహస్యం కాబట్టి లోపల బ్యాలెట్ మీద మీరేం రాశారో ఎవడూ చూడలేడు. ఖాళీ కాగితం మడిచి పెట్టెలో వేసి రావచ్చు. ఇప్పటికీ అక్కడ దాదాపు 5 శాతం ఓట్లు చెల్లకుండా పోతుంటాయి. కాబట్టి నిర్బంధం ఓటుకి కాదు, హాజరుకి. కాలేజీలో అటెండెన్సు లాంటిదన్నమాట. అటెండెన్సు వల్ల చదువొస్తుందా అన్నది మీ మీ అనుభవానికే వదిలేస్తున్నా.

"అందరూ ఓటెయ్యాలి" అన్నప్పుడు ఆ అందరిలో ఎవరున్నారన్నది ఇంకా ముఖ్యం. 1902 చట్టంతో ఆడవాళ్ళకి ఓటిచ్చి ప్రపంచం చేత శభాష్ అనిపించుకున్న ఆస్ట్రేలియా, అదే చట్టంలో అక్కడి ఆదిమవాసులనీ, ఆసియా వాళ్ళనీ పక్కనపెట్టింది. కొందరికి మినహాయింపులున్నా మనవాళ్ళూ ఆ బయటి జాబితాలోనే. 1922లో శ్రీనివాస శాస్త్రి గారు అక్కడికి వెళ్ళి అడిగొచ్చాక, 1925లో గానీ అక్కడి భారతీయులకి ఓటు రాలేదు. ఆదిమవాసులకి దేశవ్యాప్తంగా ఆ హక్కు 1962లో వచ్చింది, మిగతా వాళ్ళతో సమానంగా తప్పనిసరి అయింది 1984లో. ఓటెయ్యని తెల్లవాడికి జరిమానా, ఓటేస్తానన్న నల్లవాడికి తలుపు మూత! దశాబ్దాల పాటు "91 శాతం" లాంటి అంకెల్లో ఈ జనంలో చాలామంది అసలు లెక్కలోకే రాలేదు. శాతం చూసేటప్పుడు కింద హారంలో ఏముందో చూడకపోతే ఇలాగే మోసపోతాం.

జరిమానా ఎత్తేస్తే ఏమవుతుందో తెలియాలంటే నెదర్లాండ్స్ ఉంది. 1917 నుంచి అక్కడ పోలింగుకి రావడం తప్పనిసరి. 1970లో తీసేశారు. 1967లో 95 శాతం దగ్గర ఉన్న పోలింగు 1971కి 79కి పడింది. నిర్బంధం పనిచేస్తుంది, అందులో సందేహం లేదు. అలాగని అది పోయాక ప్రజాస్వామ్యమేం కూలిపోలేదు.

ఇక మన దగ్గరికి వద్దాం. గుజరాత్ 2009లో స్థానిక సంస్థల ఎన్నికల్లో ఓటు తప్పనిసరి చేస్తూ బిల్లు పాస్ చేసింది. అప్పటి గవర్నరు ఒప్పుకోలేదు, 2014లో వేరే గవర్నరు సంతకం పెట్టారు. 2015లో 100 రూపాయల జరిమానా అని నిబంధనలు తెచ్చేసరికి హైకోర్టు స్టే ఇచ్చింది. అదే ఏడాది లా కమిషను తన 255వ నివేదికలో నిర్బంధ ఓటింగు మనకొద్దని చెప్పింది.

నా మటుకు నాకు అసలు చిక్కు వేరే చోట కనిపిస్తుంది. శ్రీకాకుళం నుంచి బెంగుళూరు వచ్చి అపార్టుమెంట్ల దగ్గర కూలిపని చేసుకునే మనిషి ఓటు ఎక్కడుంటుంది? చాలావరకు సొంత ఊళ్ళోనే. ఓటెయ్యాలంటే రానూపోనూ ఛార్జీలు, రెండు మూడు రోజుల కూలీ నష్టం. చట్టంలో (1951 ప్రజాప్రాతినిధ్య చట్టం, 135బి) పోలింగు రోజు జీతంతో కూడిన సెలవివ్వాలని ఉంది, ఇవ్వని యజమానికి 500 దాకా జరిమానా కూడా ఉంది. కానీ ఆ సెలవు ఒక్కరోజే, రైలు ప్రయాణం మాత్రం రెండు రాత్రులు. 2022 డిసెంబరులో ఎన్నికల సంఘం ఒక యంత్రం గురించి చెప్పింది. వేరే ఊళ్ళో ఉన్నవాళ్ళ కోసం ఒకే బూతు నుంచి 72 నియోజకవర్గాల దాకా ఓట్లు తీసుకునే నమూనా అది. 2023 జనవరిలో పార్టీలని పిలిచింది కూడా. పార్టీలకి సందేహాలు, అది అక్కడే ఆగింది. 2024 ఎన్నికలు అది లేకుండానే జరిగిపోయాయి. విదేశాల్లో ఉన్న మనవాళ్ళకి 2010 సవరణతో ఓటొచ్చింది గానీ, వెయ్యాలంటే ఊరికొచ్చి వరసలో నిలబడాల్సిందే. ఆస్ట్రేలియా పౌరుడైతే లండన్లో ఉన్నా వాళ్ళ హైకమిషనుకి వెళ్ళి వేసేసి రావచ్చు.

ఇలాంటప్పుడు ఇక్కడ జరిమానా పెడితే పడేది ఎవరి మీద? ఇంటి పక్క బూతుండి కూడా బద్ధకించే మనలాంటి వాళ్ళకి వంద రూపాయలు ఒక కాఫీ ఖరీదు. ఊరెళ్ళలేని కూలీకి అది శిక్ష. చట్టం ఇద్దరినీ ఒకే గాటన కడుతుంది.

నేను నిర్బంధ ఓటింగుకి సిద్ధాంతరీత్యా వ్యతిరేకిని కాను. పన్ను కట్టమన్నట్టే ఓటెయ్యమనడంలో తప్పేం లేదు. కానీ మన భాషలో చెప్పాలంటే ఆస్ట్రేలియా ముందు డిపెండెన్సీలన్నీ పెట్టుకుని చివర్లో ఆ ఒక్క లైను రాసింది. మనవాళ్ళు ఆ చివరి లైను మాత్రం కాపీ కొడదామంటున్నారు. ఆ శ్రీకాకుళం మనిషి తనుండే వీధిలోని బూతుకి నడిచెళ్ళి తన ఊరి ఓటు వెయ్యగలిగిన రోజున జరిమానా చట్టం తీసుకురండి, నేనూ చెయ్యెత్తుతాను. అప్పటిదాకా బాకీ ఉన్నది ఓటరు కాదు, ప్రభుత్వం.