తాళంచెవి అడిగే దొంగలు

హౌరా నుంచి ఢిల్లీ వెళ్లే పాత మెయిన్ లైన్ మీద అసన్‌సోల్ దాటాక, జసిడీ రాకముందు, విద్యాసాగర్ అనే చిన్న స్టేషన్ ఒకటి వస్తుంది. దాని పాత పేరు కర్మాటాండ్. వితంతు వివాహాల కోసం కలకత్తాను ఎదిరించిన ఈశ్వరచంద్ర విద్యాసాగర్, చివరకు ఆ నగరపు పెద్దమనుషులతోనే విసిగిపోయి, 1870లలో ఇక్కడ ఇల్లు కొనుక్కున్నాడు. సంతాల్ గిరిజనులకు హోమియోపతి మందులిస్తూ, ఆడపిల్లలకు బడి నడుపుతూ చాలాకాలం గడిపాడు. మన కందుకూరి వీరేశలింగాన్ని దక్షిణదేశ విద్యాసాగరుడని పిలిచింది ఈయన్ను తలచుకునే. 1978లో స్టేషన్‌కు ఆయన పేరు పెట్టారు. ఆ ఊరున్న జిల్లా పేరు చెబితే మాత్రం ఇవాళ ఎవరికీ విద్యాసాగర్ గుర్తుకు రాడు. అది ఫోన్ మోసాలకు పేరుపడ్డ జామ్‌తారా.

దుమ్కా నుంచి విడదీసి 2001లో జామ్‌తారాను ప్రత్యేక జిల్లా చేశారు. వానమీద ఆధారపడిన ఒక్క పంట, పక్కనే బొగ్గు గనులు, ఊరి మధ్యగా రైలు పట్టాలు. ఫోన్లు రాకముందు కర్మాటాండ్ చుట్టుపక్కల చెడ్డపేరంతా ఆ పట్టాల చుట్టూనే ఉండేది. ఆగిన గూడ్సు బండ్ల వ్యాగన్లు పగలగొట్టడం, ప్రయాణికులతో మాట కలిపి మత్తు కలిపిన తినుబండారం పెట్టి సామాను ఊడ్చుకుపోవడం ఇక్కడి ముఠాల పని అని పోలీసులు చెప్పేవారు. రెండో పనిలో కావలసింది కండబలం కన్నా మాట. ముక్కూమొహం తెలియని మనిషిని నిమిషాల్లో నమ్మించగలగాలి. సెల్‌ఫోన్ వచ్చాక ఈ విద్యకు రైలెక్కే అవసరం తప్పిపోయింది.

ఫోన్ మోసం ఇక్కడికి ఎలా చేరిందో విలేకరులు, పోలీసులు చెప్పే కథ దాదాపు ఒకటే. ముంబయి లాంటి నగరాలకు వలసపోయి, రీఛార్జి దుకాణాల్లో పనిచేసి, 2012 ప్రాంతంలో తిరిగొచ్చిన కుర్రాళ్లు ఆ కిటుకు పట్టుకొచ్చారు. వాళ్లకు కంప్యూటర్ చదువు లేదు, ప్రోగ్రామింగ్ అసలే రాదు. రీఛార్జి కుర్రాడికి తెలిసిందల్లా ఒక్కటే: డబ్బు ఇప్పుడు అంకెల రూపంలో నడుస్తోంది, ఆ అంకెలు ఎవరు చెబితే వాళ్ల మాట చెల్లుతుంది.

అది సరిగ్గా దేశంలో అంకెలకు విలువ పెరిగిన కాలం. అంతకుముందు కార్డు మీది నంబరు, గడువు తేదీ, వెనకున్న మూడంకెలు తెలిస్తే చాలు, ఆన్‌లైన్‌లో కొనుగోలు అయిపోయేది. అందుకని రిజర్వు బ్యాంకు 2009 ఆగస్టు నుంచి ఆన్‌లైన్ కార్డు లావాదేవీలకు కార్డు మీద కనిపించని రెండో ధ్రువీకరణ తప్పనిసరి చేసింది. 2011లో ఫోన్ ద్వారా జరిపే ఐవీఆర్ చెల్లింపులకూ అదే నియమం వచ్చింది. క్రమంగా ఆ రెండో తాళం ఎస్సెమ్మెస్‌లో వచ్చే ఓటీపీగా స్థిరపడింది. ప్రపంచంలో చాలా దేశాలు అప్పటికింకా ఇంత కట్టుదిట్టం చేయలేదు. కార్డుల మీది అయస్కాంత పట్టీని నకలు తీసే దొంగలకు కూడా దారి మూస్తూ, రిజర్వు బ్యాంకు 2018 డిసెంబరు 31 నాటికి పాత కార్డులన్నీ చిప్ కార్డులుగా మార్చాలని ఆదేశించింది.

తాళాలు గట్టివే. కానీ తాళంచెవి ఖాతాదారు జేబులో ఉంది. బ్యాంకు గోడ పగలగొట్టేవాడికి దారి లేకపోయాక, ఇంటాయనకే ఫోన్ చేసి తాళంచెవి అడిగేవాడు పుట్టుకొచ్చాడు. రెండో ధ్రువీకరణ విఫలమైందని దీనికి అర్థం తీయడం తప్పు. దొంగ ఎవరితో తలపడాలన్నది మాత్రం అది మార్చేసింది.

జామ్‌తారాలో ఈ పని నడిచే తీరులో చిన్న కార్ఖానా పద్ధతి కనిపించేది. ఒకడు పొరుగు రాష్ట్రాల నుంచి వేరేవాళ్ల పేర్ల మీద సిమ్‌లు తెస్తాడు. ఒకడు ఫోన్ చేస్తాడు, నంబరు వరసలో చివరి అంకెలు మార్చుకుంటూ ఒకదాని తర్వాత ఒకటి. ‘మీ ఏటీఎం కార్డు బ్లాక్ అయింది, హెడ్డాఫీసు నుంచి మాట్లాడుతున్నాం’. ముందు కార్డు మీది పదహారంకెలు, తర్వాత మూడంకెలు, చివరికి ఫోన్‌కు ఇప్పుడే వచ్చిన ఆరంకెలు. ఇంకొకడు ఆ డబ్బును ఈ-వాలెట్లలోకి తిప్పి, ఊళ్లోవాళ్ల కరెంటు బిల్లులు, రీఛార్జిలు డిస్కౌంటుకు కట్టేసి నగదు చేసుకుంటాడు. సిగ్నల్ కోసం, పోలీసు జీపు దూరం నుంచే కనబడడం కోసం పొలాల్లో, చెట్ల కింద కూర్చుని మాట్లాడేవారు. కొన్నేళ్లకే ఎన్నో రాష్ట్రాల పోలీసులు వారంటు పట్టుకుని విద్యాసాగర్ రైల్వే స్టేషన్లో దిగడం మామూలైపోయింది.

చదువులేనివాళ్లే మోసపోతారన్న మాట ఒకటి తేలిగ్గా వినిపిస్తుంది. కానీ 2019లో బ్యాంకు మేనేజరునంటూ వచ్చిన ఫోన్‌ను నమ్మి 23 లక్షల రూపాయలు పోగొట్టుకున్నది అప్పటి పటియాలా ఎంపీ ప్రణీత్ కౌర్. అప్పటి పంజాబ్ ముఖ్యమంత్రి భార్య. పోలీసులు ఆ ఫోన్ ఆనవాలు పట్టుకుని వెళితే తేలింది జామ్‌తారా. మరుసటి ఏడాది నెట్‌ఫ్లిక్స్ ఆ ఊరి పేరుతోనే సిరీస్ తీసింది.

డబ్బు పోయాక భారం ఎవరిది? 2017 జులైలో రిజర్వు బ్యాంకు దీనికి గీత గీసింది. తప్పు బ్యాంకుదైతే ఖాతాదారుకు నష్టం లేదు. బయటివాడి చొరబాటైతే, మూడు పనిదినాల్లోగా చెబితే అప్పుడూ నష్టం లేదు. ఖాతాదారే రహస్యాలు బయటపెట్టి పోగొట్టుకుంటే, బ్యాంకుకు చెప్పేదాకా జరిగిన నష్టమంతా అతనే భరించాలి. ఓటీపీ చెప్పినవాడు ఈ మూడో గడిలో పడతాడు. నియమంలో తర్కం ఉంది. అయితే నిజమైన బ్యాంకు ఫోన్ ఏదో, దొంగ ఫోన్ ఏదో పోల్చుకునే సాధనం అతని చేతికి ఇవ్వకుండానే బాధ్యత మాత్రం ఇచ్చారన్న విమర్శకు జవాబు అందులో దొరకదు.

ఇంతలో డబ్బు నడిచే దారి మారింది. కొత్త దారికి పునాది పడినచోటు హైదరాబాద్ మాసాబ్‌ట్యాంక్. రిజర్వు బ్యాంకు 1996లో అక్కడ నెలకొల్పిన బ్యాంకింగ్ సాంకేతిక సంస్థ ఐడీఆర్‌బీటీ, దేశంలోని ఏటీఎంలను ఒక గొలుసులోకి తెచ్చే నేషనల్ ఫైనాన్షియల్ స్విచ్‌ను 2004లో మొదలుపెట్టింది. 2009లో దాన్ని కొత్తగా ఏర్పడిన చెల్లింపుల సంస్థ ఎన్‌పీసీఐకి అప్పగించారు. ఆ సంస్థే 2010లో వెంటనే డబ్బు పంపే ఐఎంపీఎస్‌ను, దానిమీద 2016 ఏప్రిల్‌లో యూపీఐని తెచ్చింది. ఆ నవంబరులోనే పెద్దనోట్లు రద్దయ్యాయి. టీ బంకు దాకా క్యూఆర్ కోడ్ వచ్చింది.

యూపీఐలో డబ్బు పంపడానికే కాదు, అడగడానికీ మీట ఉండేది. మోసగాళ్లకు అదే వరమైంది. ఈసారి ముందుకొచ్చింది హరియాణా, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ కలిసేచోట ఉన్న మేవాత్. అక్కడ ‘టట్లూ’ అని పాత మోసం ఒకటి ఉంది. తవ్వకాల్లో బంగారు ఇటుక దొరికింది, చవగ్గా ఇస్తామని దూరప్రాంతం వాళ్లను రప్పించి, ఇత్తడి అంటగట్టడమో కొట్టి దోచుకోవడమో చేసేవారు. ఇటుక స్థానంలో ఇప్పుడు సెకండ్‌హ్యాండ్ స్కూటరు ప్రకటన వచ్చింది. అమ్మేవాడు ఆర్మీ జవాను, బదిలీ అయిందట, గుర్తింపు కార్డు ఫొటో కూడా పంపుతాడు. మనం అమ్మేవాళ్లమైతే, డబ్బు జమ కావాలంటే ఈ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండంటాడు. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదన్న సంగతి ఆ తొందరలో తోచదు.

సోషల్ మీడియా ఖాతా ఈ వ్యాపారంలోకి ముడిసరుకుగా వచ్చింది. ఖాతాలోకి చొరబడనైనా అక్కర్లేదు. ఫేస్‌బుక్‌లో అందరికీ కనిపించే ఫొటో, పేరు తీసుకుని ఇంకో ఖాతా తెరిచి, మిత్రుల జాబితాలోని వాళ్లకు రిక్వెస్టులు పంపి, ‘ఆస్పత్రిలో ఉన్నా, అర్జంటుగా పంపు, రేపు ఇచ్చేస్తా’ అని మెసెంజర్లో రాస్తే చాలు. 2020లో నల్లగొండ ఎస్పీ ఏ.వి. రంగనాథ్ పేరుతోనే ఇలాంటి ఖాతా తెరిచారు. ఆ ముఠాను జిల్లా పోలీసులు రాజస్థాన్‌లోని భరత్‌పూర్ వైపు వెళ్లి పట్టుకొచ్చారు. పోలీసు యూనిఫారం ఫొటో ఉంటే అడిగిన డబ్బు తొందరగా వస్తుందన్నది వాళ్ల లెక్క. వాట్సాప్ సంగతి వేరు. అక్కడ ఆరంకెల కోడ్ ఒక్కటి అడిగి పుచ్చుకుంటే ఖాతా మొత్తం చేతులు మారుతుంది, ఆ తర్వాత అప్పు అడిగేది మన నంబరు నుంచే.

ఫిర్యాదు చేసే దారి ఆలస్యంగా తెరుచుకుంది. 2021లో 155260గా మొదలైన హెల్ప్‌లైన్ తర్వాత 1930 అయింది. డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు దూకేలోపు ఆపడమే దాని పని కాబట్టి మొదటి గంట ముఖ్యం. ఎఫ్ఐఆర్ కోసం స్టేషన్ల చుట్టూ తిరిగే కాలంలో ఆ గంట ఎప్పుడో గడిచిపోయేది. ఇక యూపీఐలో వ్యక్తి నుంచి వ్యక్తి డబ్బు అడిగే సౌకర్యాన్ని ఎన్‌పీసీఐ 2025 అక్టోబరు 1 నుంచి తీసేసింది. ఏళ్ల తరబడి ‘జాగ్రత్త’ అని పంపిన ఎస్సెమ్మెస్‌లు ఆపలేని మోసానికి, మీటే లేకుండా చేసి ఒక దారి మూశారు. ఇది ముందే చేయవలసిన పని.

పొలంగట్టున కూర్చుని ఫోన్ చేసే పద్ధతి ఈలోగా పాతబడింది. 2024 మే నెలలో కంబోడియాలోని సిహనూక్‌విల్‌లో ఆన్‌లైన్ మోసాల కేంద్రాల్లో చిక్కుకున్న భారతీయులు తిరగబడ్డారు. అక్కడి ఎంబసీ తొలివిడతగా 60 మందిని విడిపించింది. వాళ్లలో ఉత్తరాంధ్ర యువకులూ ఉన్నారు. సింగపూర్‌లో డేటా ఎంట్రీ ఉద్యోగమని ఏజెంట్లు డబ్బు తీసుకుని కంబోడియాలో దింపారని, పాస్‌పోర్టులు లాక్కుని, నకిలీ ప్రొఫైళ్లతో భారతీయులనే మోసగించే పనిలో పెట్టారని విశాఖ పోలీసులు తేల్చారు.