కట్టుడు పళ్ల నోటిపూత

కట్టుడు పళ్ల సెట్టు పెట్టుకునేవారికి, ముఖ్యంగా వృద్ధులకు, సెట్టు కింద ఉండే నోటి పొర ఎర్రబడి వాచే వ్యాధి ఇది. ఎక్కువగా పై సెట్టు ఆనుకునే అంగిలి మీద వస్తుంది. కాండిడా ఆల్బికన్స్ అనే ఈస్ట్ (ఒక రకం శిలీంధ్రం) దీనికి ముఖ్య కారకం. చాలామందికి నొప్పి తెలియదు. దంతవైద్యుడు సెట్టు తీయించి చూసినప్పుడే బయటపడుతుంది.

శిలీంధ్రం గుర్తింపు

నీరసించిన రోగుల నోట్లో వచ్చే పూతను ప్రాచీన గ్రీకు వైద్యులే గమనించారు. 1839లో జర్మన్ వైద్యుడు లాంగెన్‌బెక్ ఒక జ్వర రోగి నోటిపూతలో శిలీంధ్రాన్ని చూశాడు కానీ, అది జ్వరానికే కారణమనుకున్నాడు. 1840లలో స్టాక్‌హోమ్‌లో బెర్గ్, పారిస్‌లో గ్రూబీ పసిపిల్లల నోటిపూతకు శిలీంధ్రమే మూలమని తేల్చారు. 1853లో శాస్త్రవేత్త రోబిన్ దానికి ‘ఆల్బికన్స్’ అని పేరు పెట్టాడు. 1923లో డచ్ పరిశోధకురాలు క్రిస్టీన్ బెర్ఖౌట్ దాన్ని ‘కాండిడా’ ప్రజాతిలో చేర్చింది.

నింద మోసిన పదార్థాలు

1850ల తర్వాత వల్కనైట్ అనే గట్టి రబ్బరుతో చవకైన సెట్లు వచ్చాయి. వాటి కింద నోరు ఎర్రబడితే, రబ్బరుకు ఎరుపు రంగునిచ్చే పాదరస సమ్మేళనం మీద అనుమానపడ్డారు. 1930ల చివర అక్రిలిక్ అనే ప్లాస్టిక్ వచ్చాక నింద దాని రసాయనాల మీదికి మళ్లింది. అవి ఒంటికి పడకపోవడం వల్లే పూత వస్తుందన్నారు. పదార్థం మారినా పూత పోలేదు. నిజానికి అక్రిలిక్‌లోని సన్నని రంధ్రాలు ఈస్ట్‌కు నివాసమవుతాయి. సెట్టు కప్పిన చోటికి లాలాజలం సరిగా చేరదు కనుక అక్కడ ఈస్ట్ సులువుగా పెరుగుతుంది.

కారణ నిర్ధారణ

సెట్టు కింది పూతకూ ఈస్ట్‌కూ సంబంధం ఉండవచ్చని 1936లో కాన్ అనే పరిశోధకుడు సూచించాడు. 1962లో న్యూటన్ అనే మరో పరిశోధకుడు ఈ వ్యాధిని మూడు రకాలుగా విభజించాడు: చుక్కలుగా ఎరుపు, సెట్టు కప్పినంత మేరా ఎరుపు, అంగిలి మధ్య గరుకు బొడిపెలు. ఈ విభజన ఇప్పటికీ వాడుకలో ఉంది. 1970 నుంచి డెన్మార్క్‌లో బట్జ్-యోర్గెన్సెన్ చేసిన పరిశోధనలు ఈస్ట్‌తో పాటు సరిపడని సెట్టు ఒరిపిడిని కూడా లెక్కలోకి తెచ్చాయి. రాత్రిళ్లు సెట్టు తీయకపోవడం, నోరు ఎండిపోవడం, షుగర్ వ్యాధి, ఆస్తమాకు పీల్చే స్టెరాయిడ్లు, పొగతాగడం కూడా ముప్పును పెంచుతాయి.

చికిత్స

1950లో న్యూయార్క్ రాష్ట్ర ఆరోగ్య శాఖ శాస్త్రవేత్తలు ఎలిజబెత్ హేజెన్, రేచెల్ బ్రౌన్ నిస్టాటిన్ అనే శిలీంధ్రనాశక మందును ప్రకటించారు. వర్జీనియాలోని ఒక పొలం మట్టిలో దొరికిన సూక్ష్మజీవి నుంచి ఈ మందు వచ్చింది. తర్వాత మైకోనజోల్, ఫ్లూకోనజోల్ వచ్చాయి. నోట్లో పూసే మైకోనజోల్ కూడా రక్తం పలచబరిచే వార్ఫరిన్ ప్రభావాన్ని ప్రమాదకరంగా పెంచగలదు కాబట్టి వృద్ధులకు ఇచ్చేటప్పుడు జాగ్రత్త అవసరం.

మందుతో నోరు బాగుపడినా, సెట్టు మీద మిగిలిన ఈస్ట్ వల్ల పూత మళ్లీ రావడం మామూలే. అందుకే రోజూ సెట్టును తోమి శుభ్రం చేయడం, పడుకునేముందు తీసేయడం, వదులైన సెట్టును సరిచేయించడం లేదా మార్చడం చికిత్సలో ప్రధాన భాగాలు.