చైను లాగితే ఊడొస్తుందా?

మా నాన్నది తాడేపల్లిలో సైకిలు షాపు. షాపంటే మరీ పెద్దగా ఊహించుకోకండి. వేపచెట్టు కింద తాటాకు పాక, గాలి పంపు, పంక్చరు చూడ్డానికి నీళ్ల బేసిను, అద్దెకిచ్చే ఆరు సైకిళ్లు. 1989 దసరా రోజుల్లో ఒక పొద్దున నలుగురు కుర్రాళ్లొచ్చి, ‘పాత చైనుందా బాబాయ్’ అనడిగారు. నాన్న వాళ్ల సైకిలు ఎక్కడుందా అని చూశాడు. సైకిలు లేదు. చైనొక్కటే కావాలట.

‘శివ’ సినిమా ఆ అక్టోబరు 5న విడుదలైంది. కాలేజీలో స్టూడెంటు లీడరు జేడీ మనుషులు మీదికొస్తే నాగార్జున పక్కనున్న సైకిలు చైను పట్టుకుని ఒక్క గుంజు గుంజుతాడు. తెలుగు సినిమా చరిత్ర అక్కడ మలుపు తిరిగిందని పెద్దపెద్దవాళ్లు రాశారు. మా షాపులో మాత్రం చర్చంతా ఒకటే: లాగితే ఊడొస్తుందా?

రాదు. మామూలు సైకిలు చైనుకి అర అంగుళానికి ఒకటి చొప్పున నూటపదికి అటూ ఇటూగా లింకులుంటాయి. అందులో ఒక్క లింకుకే లాకు, అంటే చిన్న క్లిప్పు. స్క్రూడ్రైవరు మొనతో దాన్ని తోస్తే తప్ప చైను విడిపోదు. ఆ పైన చైను కవరు. నాన్న సినిమా చూసొచ్చి, ‘ఆ లాకు ముందే ఎవడో తీసిపెట్టాడ్రా’ అన్నాడు. కాసేపాగి, ‘అయినా చైను ముట్టుకున్నోడి చేతికి మడ్డేదీ?’ అన్నాడు. కిరసనాయిలుతో ఎంత కడిగినా గోళ్లలోంచి పోని నలుపు ఆయనది. ఆ ప్రశ్న ఆయన హాస్యానికి అడగలేదు.

మాది గుంటూరు జిల్లానే అయినా, సినిమాకీ, కాలేజీకీ, ఆసుపత్రికీ దిక్కు బెజవాడే. సీతానగరం మీదుగా ప్రకాశం బ్యారేజీ ఎక్కి, కిలోమీటరు పైచిలుకు ఎదురుగాలికి తొక్కితే అవతలి ఒడ్డు. రైలు కావాలంటే కృష్ణా కెనాల్ జంక్షను. ఆ ఒడ్డు కబుర్లు ఈ ఒడ్డుకి పాలతోనూ పేపరుతోనూ వచ్చేవి. డెబ్బైల నుంచీ బెజవాడ కాలేజీల్లో యునైటెడ్ ఇండిపెండెంట్స్, యునైటెడ్ స్టూడెంట్స్ ఆర్గనైజేషన్ అని రెండు జట్లుండేవి. ఏ కుర్రాడు ఎటువైపో తెలుసుకోకుండా మాట కలపొద్దని మా అన్నకి అమ్మ జాగ్రత్తలు చెప్పేది. 1988 డిసెంబరు 26 తెల్లవారుజామున, నిరాహారదీక్షలో ఉన్న ఎమ్మెల్యే వంగవీటి మోహనరంగాని చంపేశారు. ఊరు తగలబడింది, కర్ఫ్యూ పెట్టారు. అద్దెకి తీసుకెళ్లిన మా సైకిలొకటి అవతలే ఉండిపోయింది, మళ్లీ రాలేదు.

తొమ్మిది నెలలకే ‘శివ’. సినిమాలో బెజవాడ పేరుండదు. తీసింది హైదరాబాదులో. కానీ దర్శకుడు రాంగోపాల్ వర్మ ఇంజినీరింగు చదివింది బెజవాడ పక్కన కానూరు సిద్ధార్థ కాలేజీలో. అక్కడ తాను చూసిన గొడవలే సినిమాకి ముడిసరుకని ఆయనే ఎన్నోసార్లు చెప్పాడు. కథ నడిపే తీరు మాత్రం బ్రూస్ లీ 1972 సినిమా ‘వే ఆఫ్ ది డ్రాగన్’ నుంచి తెచ్చుకున్నానన్నాడు. అక్కడ హోటలు, ఇక్కడ కాలేజీ! అమీర్‌పేటలో వీడియో క్యాసెట్ల షాపు నడిపినవాడికి అలాంటి లెక్కలు బాగా తెలుస్తాయి.

అందుకే, ‘ఆ సినిమా వచ్చి పిల్లల్ని చెడగొట్టింది’ అని పెద్దలు అన్నప్పుడల్లా నాకు ఒప్పబుద్ధి కాలేదు. పాత చైను అడిగినవాళ్లు మా షాపుకి అంతకుముందూ వచ్చారు. తేడా ఏమిటంటే, ముందు వచ్చినవాళ్లు చీకటిపడ్డాక వచ్చేవాళ్లు, అడిగేటప్పుడు నాన్న మొహంలోకి చూసేవాళ్లు కాదు. ‘శివ’ తర్వాత వచ్చినవాళ్లు పట్టపగలు, నవ్వుతూ అడిగారు. సినిమా చేసిన పని అదీ. సిగ్గుపడి దాచుకునే వస్తువుకి సోకు నేర్పింది.

ఇంకో పనీ చేసింది, దాన్ని జనం తక్కువ తలుచుకుంటారు. కాలేజీ లీడరు జేడీ, అతని వెనక రౌడీ భవాని, భవాని వెనక రాజకీయ నాయకుడు మాచిరాజు అని మూడు మెట్లు వరసగా చూపించింది. కోట శ్రీనివాసరావు మాచిరాజుని మన పక్కింటి పెద్దమనిషిలా చేశాడు. రఘువరన్ భవాని అయితే అరవడు, తొడ కొట్టడు. విలనంటే గొంతు చించుకోవాలనుకునే రోజుల్లో అతను మెల్లిగా మాట్లాడితే హాలు ఊపిరి బిగబట్టింది. తనికెళ్ల భరణి రాసిన మాటలు మనుషులు మాట్లాడుకునేంత పొట్టిగా ఉన్నాయి. గోపాలరెడ్డి కెమెరా పరిగెత్తేవాడి వెనకే పరిగెత్తింది. స్టెడీకామ్ అనే మాట మా ఊళ్లో ఎవరికీ తెలియదు గానీ, అన్న కూతుర్ని సైకిలు ముందు కూర్చోబెట్టుకుని శివ సందుల్లో తొక్కుతుంటే మా కాళ్లు కుర్చీ కింద పెడలు వెతుక్కున్నాయి. నా మట్టుకు చైను కన్నా ఆ తొక్కుడే గొప్ప సన్నివేశం.

ఆ తర్వాతి కథ దేశానికంతా తెలుసు. తమిళంలో ‘ఉదయం’గా, హిందీలో మళ్లీ ‘శివ’గా వెళ్లింది. జేడీ వేషం వేసిన కుర్రాడికి ఆ రెండక్షరాలే ఇంటిపేరయి, జేడీ చక్రవర్తిగా 1998లో ‘సత్య’ అయ్యాడు. బొంబాయి మాఫియా సినిమాలకి అదొక దారి వేసింది. మధ్యలో 1993లో మణిరత్నం స్క్రీన్‌ప్లేతో ‘గాయం’ వచ్చింది. కొప్పోలా ‘గాడ్‌ఫాదర్’ మీద వర్మకున్న పిచ్చి, బెజవాడ జ్ఞాపకం అందులో బాగా కలిశాయి. 2016లో ‘వంగవీటి’ అని నేరుగా పేరు పెట్టే తీశాడు. అప్పటికి నాకు ఆసక్తి పోయింది. పేరు చెప్పని సినిమాలో ఉన్న బెజవాడ, పేరు చెప్పిన సినిమాలో నాకు కనపడలేదు.

ఇంతకీ ఆ నలుగురికీ నాన్న చైను ఇచ్చాడా అంటే, ఇచ్చాడు. తుప్పుపట్టి లింకులు బిగుసుకుపోయిన ముక్క ఒకటి, రెండు రూపాయలకి. ‘ఇది తిప్పితే మీ మోకాలికే తగుల్తుంది’ అని చెప్పి మరీ ఇచ్చాడు. వారం తిరక్కుండా ఒకడు మోకాలికి గుడ్డ కట్టుకుని కనిపించాడు.

2025 నవంబరులో ‘శివ’ని ఫోర్‌కేలో, కొత్త సౌండుతో మళ్లీ విడుదల చేశారు. మా అబ్బాయి టికెట్లు తీశాడు. వారధి మీదుగా కారులో పావుగంటలో బెజవాడ చేరాం. నాన్న లేడు, షాపు చోట సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టుంది. ఈసారి కథ పక్కనపెట్టి నాగార్జున చేతులే చూడాలనీ, మడ్డి అంటిందో లేదో తేల్చేయాలనీ కూర్చున్నాను. సరిగ్గా ఆ చెయ్యి చైను మీద పడేసరికి ముందు వరసల వాళ్లంతా ఫోన్లెత్తి లేచి నిలబడ్డారు.