జ్ఞాపకమున్న గాజుపలక

మా ముందుగదిలో పదమూడేండ్లుగా గోడనంటి ఉన్న ప్లాస్మా టీవీ కిందటి శ్రావణంలో ఒక సాయంత్రం టిక్కుమని చప్పుడు చేసి నల్లబడింది. మెకానిక్ కుర్రవాడు వచ్చి, దానిని మంచం మీద బోర్లా పడుకోబెట్టి, వెనుక రేకు విప్పి, మీటరు ముళ్ళు అక్కడక్కడ ఆనించి చూచి, “వై-సస్ పోయింది మాస్టారూ” అన్నాడు. ముప్పైనాలుగేండ్లు సంధులూ సమాసాలూ చెప్పినవాణ్ణి. సమాసం వినబడితే విగ్రహవాక్యం అడగకుండా ఉండలేను. “సస్ అంటే ఏమిటి నాయనా?” అన్నాను. “సస్టెయిన్ అండీ. వై వైపు సస్టెయిన్ బోర్డు. ఎక్కువగా పోయేది ఇదే.” “దేనిని సస్టెయిన్ చేస్తుంది?” అతడు నవ్వి, “వెలుతురునండీ” అన్నాడు.

వెలుతురును నిలిపి ఉంచే బోర్డు! ఆ మాట నన్ను వదలలేదు. రెండు మూడు నెలలు దొరికినదల్లా చదివాను, తెలిసినవారిని అడిగాను. తేలినదేమిటంటే, ఈ పలక పుట్టింది సినిమాలు చూడడానికి కాదు, పిల్లలకు పాఠాలు చెప్పడానికి. దాని పుట్టుకకు కారణం జ్ఞాపకశక్తి. పాఠం చెప్పిన వృత్తివాణ్ణి గనుక నాకు ఇది చెప్పదగిన చరిత్ర అనిపించింది.

అమెరికాలో అర్బానా-షాంపేన్‌లోని ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో 1960లో కంప్యూటరు ద్వారా విద్య నేర్పే ప్రయత్నం ఒకటి మొదలైంది. దానికి ప్లేటో అని పేరు. గ్రీకు తత్త్వవేత్త పేరు వచ్చేటట్లు ఇంగ్లీషు మాటల పొడి అక్షరాలు కూర్చారు. దాని సూత్రధారి డోనల్డ్ బిట్జర్ అనే యువ ఇంజనీరు. ఒకే పెద్ద కంప్యూటరు, దానికి దూరదూరాన ఎందరో విద్యార్థులు, ఒక్కొక్కరి ముందు ఒక్కొక్క తెర. ఇది ఆయన ఊహ. చిక్కు తెర దగ్గర వచ్చింది. ఆనాటి టీవీ గొట్టానికి మతిమరుపు ఎక్కువ. ఎలక్ట్రాన్ కిరణం గీసిన గీత లిప్తపాటులో మాసిపోతుంది. సెకనుకు ముప్పై, అరవై మార్లు మళ్ళీ మళ్ళీ గీస్తూ ఉండాలి. అలా గీయాలంటే బొమ్మనంతటినీ ఎక్కడో ఒకచోట దాచిపెట్టుకోవాలి. కంప్యూటరు జ్ఞాపకస్థానం ఆ రోజులలో బంగారం. తరువాత తయారైన ప్లేటో తెరలో అడ్డానికి 512, నిలువుకు 512 చుక్కలు, అంటే మొత్తం 2,62,144. టెలిఫోను తీగ మీద విద్యార్థికి వచ్చే సమాచారం సెకనుకు 1200 బిట్లు. ఈ లెక్కన ఒక్క తెరను చుక్క చుక్కగా పంపడానికే మూడున్నర నిమిషాలు దాటుతుంది. సెకనుకు అరవై మార్లన్న మాట ఇక ఎక్కడిది?

కనుక తెరకే జ్ఞాపకం ఉండాలి. పలక మీద బలపంతో వ్రాసిన అక్షరం చెరిపేదాకా ఉంటుంది గదా, అలాగన్నమాట. బిట్జర్, ఆయన సహాధ్యాపకుడు జీన్ స్లాటో, పరిశోధక విద్యార్థి రాబర్ట్ విల్సన్, ఈ ముగ్గురూ 1964లో దానిని సాధించారు. ఎలాగో కొంచెం నిదానంగా చెప్పుకోవాలి. తరువాతి ముచ్చటంతా దీని మీదే నిలిచి ఉంది.

రెండు గాజుపలకల నడుమ సన్నని సందు, అందులో నియాన్ వాయువు. ఒక పలక మీద అడ్డతీగలు, రెండవదాని మీద నిలువు తీగలు. అవి ఒకదానికొకటి ఎదురుపడిన ప్రతిచోటా ఒక గడి. వోల్టేజి పెంచుకుంటూ పోతే ఒక హద్దు దగ్గర వాయువు అయాన్లుగా, ఎలక్ట్రాన్లుగా విడిపోయి నారింజరంగులో వెలుగుతుంది. ఇంతవరకు పాత విద్యే. తీగలు వాయువును నేరుగా తాకితే ప్రవాహానికి అదుపుండదు, గడికొక నిరోధం పెట్టాలి. లక్షల గడులకు అది పొసగదు. ఇలినాయ్ వారు తీగలను వాయువులో పెట్టక, గాజుకు వెలుపల పెట్టారు. విద్యుత్తు ఇప్పుడు గాజును దాటలేదు. వాయువు వెలగగానే ఆవేశాలు పరుగెత్తి ఇరువైపులా లోపలి గోడలకు అంటుకుంటాయి. అలా పేరుకొన్న ఆవేశం బయటి వోల్టేజికి ఎదురు నిలుస్తుంది, మంట తనంతట తాను ఆరిపోతుంది. ఇదంతా సెకనులో పదిలక్షో వంతుకు అటూ ఇటూ.

మంట ఆరినా గోడనంటిన ఆవేశం పోలేదు. ఇప్పుడు బయటి వోల్టేజి దిక్కు మార్చండి. ఇందాక ఎదురు నిలిచినదే ఈసారి తోడు వస్తుంది. అందుచేత హద్దుకు తక్కువైన వోల్టేజికే ఆ గడి మళ్ళీ మెరుస్తుంది. ఆవేశాలు ఈ గోడనుండి ఆ గోడకు మారతాయి. మళ్ళీ దిక్కు మార్చితే మళ్ళీ మెరుపు. పక్కగడిలో గోడకు ఏమీ అంటలేదనుకోండి, అదే వోల్టేజికి అది ఉలకదు, పలకదు. తెరలోని గడులన్నిటికీ ఒకే విధమైన ఊగిసలాట ఇస్తూ ఉంటే వెలిగినవి వెలుగుతూనే ఉంటాయి, చీకటివి చీకటిగానే ఉంటాయి. ఆ ఊగిసలాటే సస్టెయిన్. మా మెకానిక్ చెప్పిన మాట అక్షరాలా నిజం.

ఇక వ్రాయడమూ చెరపడమూ. కావలసిన అడ్డతీగకు కొంత, నిలువు తీగకు కొంత అదనపు తాకిడి ఇస్తే, రెండూ కలిసే ఒక్క గడిలోనే హద్దు దాటుతుంది. చెరపాలంటే తక్కువ బలంతో ఒక్క తాకిడి. ఆవేశం అవతలి గోడకు చేరీ చేరకుండా సమసిపోతుంది. 1971లో ఈ ముగ్గురికీ వచ్చిన పేటెంటు పేరులోనే ఇది ప్రదర్శన యంత్రమే కాదు, జ్ఞాపక యంత్రం కూడా అని ఉంది. పేరు పెట్టడంలో వారు పొరపాటు పడలేదు.

1972 నాటికి ఓవెన్స్-ఇలినాయ్ అనే గాజు కంపెనీ చేసిన పలకలతో ప్లేటో నాలుగవ రూపం వచ్చింది. పలక పారదర్శకం కాబట్టి వెనుకనుండి రంగుల ఛాయాచిత్రాలు వేసి, వాటి మీద నారింజ అక్షరాలు వెలిగించేవారట. వేలితో తాకి జవాబు చెప్పే ఏర్పాటు కూడా ఉండేది. 1983లో ఐబీఎం 19 అంగుళాల తెర ఒకటి అమ్మింది. అయితే అప్పటికే కంప్యూటరు జ్ఞాపకం చౌక అవుతూ వచ్చింది. ఎవరి లేమి వల్ల ఈ పలక పుట్టిందో ఆ లేమి తీరిపోయింది. 1987లో ఐబీఎం తన కింగ్‌స్టన్ ప్లాస్మా కర్మాగారాన్ని వదులుకొంది. లారీ వెబర్, తోటివారు కలిసి ప్లాస్మాకో అనే చిన్న సంస్థ పెట్టి ఆ యంత్రాలను కొన్నారు. ఈ వెబర్ చదువుకున్నదీ ఇలినాయ్‌లోనే.

రంగుల పని ఎక్కువగా జపానులో జరిగింది. నియాన్‌లో కొంచెం జెనాన్ కలిపితే అతినీలలోహిత కిరణాలు వస్తాయి. అవి ఎరుపు, ఆకుపచ్చ, నీలి పొడులను వెలిగిస్తాయి. కానీ అయాన్లు వచ్చి ఢీకొని ఆ పొడులను త్వరగా పాడుచేసేవి. ఫుజిట్సు సంస్థలో షినోడా సుతాయె గడికి మూడు తీగలు పెట్టి ఈ చిక్కు విడదీశాడు. ముందుపలక మీదనే పక్కపక్కన ఎక్స్, వై అని రెండు. మెరుపు వాటి నడుమ, ముందు గాజు వెంబడి సాగుతుంది. వెనుకపలక మీద నిలువుగా మూడవ తీగ, ఏ గడి వెలగాలో చెప్పడానికి. రంగు పొడి ఆ వెనుకపలక మీద, దెబ్బకు దూరంగా ఉంటుంది. 1992లో ఫుజిట్సు 21 అంగుళాల పూర్తి రంగుల తెర తెచ్చింది. మా ఇంట్లో పోయిన వై-బోర్డుకు ఆ అక్షరం వచ్చింది ఈ మూడుతీగల ఏర్పాటునుండే.

నాకు అన్నిటికన్నా ముచ్చట గొలిపింది ఛాయల సమస్య. ఈ గడికి వెలగడం, వెలగకపోవడం రెండే తెలుసు. సగం వెలగమంటే వెలగదు. మనిషి ముఖం మీద నీడలు మరి ఎలా చూపాలి? సెకనులో అరవయ్యో వంతును ఎనిమిది ఖండాలు చేశారు. మొదటి ఖండంలో మెరుపులు ఒక వంతు, రెండవదానిలో రెండు వంతులు, తరువాత నాలుగు, ఎనిమిది, ఇలా రెట్టింపవుతూ చివరిదానిలో 128 వంతులు. ఏ గడి ఏయే ఖండాలలో వెలగాలో నిర్ణయిస్తే సున్న మొదలు 255 వరకు 256 ఛాయలు వస్తాయి. కన్ను వాటిని కలిపి చూసుకుంటుంది. ఛందస్సు చెప్పినవారికి ఈ అంకె కొత్తది కాదు. అనుష్టుప్పుకు పాదానికి ఎనిమిది అక్షరాలు, ఒక్కొక్కటి గురువో లఘువో. ప్రస్తారం చేస్తే 256 వృత్తాలు. తరగతిలో నల్లబల్ల మీద ఎన్నోసార్లు వేసిన లెక్క ఇన్నాళ్ళూ నా ఎదుటి గోడ మీద వెలుగుతూ ఆరుతూ ఉందని నాకు తెలియదు.

ప్రతి ఖండంలోనూ మూడు పనులు. ముందు పాత ఆవేశాలన్నీ సరిచేయాలి. తరువాత వై తీగలను ఒక్కొక్కటిగా పైనుండి కిందికి పిలుస్తూ, ఆ వరుసలో వెలగవలసిన గడులకు ఆవేశం అంటించాలి. చివరకు అన్ని వరుసలనూ ఒక్కసారిగా ఊగించి వెలిగించాలి. అవధానంలో పృచ్ఛకులు ఒక్కొక్కరుగా అడిగినంతసేపూ విడివిడిగా నడిచి, చివర ధారణలో పద్యాలన్నీ ఒక్క పట్టున వచ్చినట్లు ఉంటుంది ఇది. పిలుపు వేరు, వెలుగు వేరు అని విడదీసిన ఈ పద్ధతీ ఫుజిట్సు వారిదే. 480 వరుసలు, వరుసకు సెకనులో పదిలక్షల వంతులు మూడు చొప్పున అనుకుంటే ఎనిమిది ఖండాలలో పిలుపులకే పదకొండున్నర మిల్లీసెకన్లు పోతాయి. ఉన్నవి మొత్తం పదహారున్నర చిల్లర. వెలగడానికి మిగిలేది సుమారు అయిదు. అదైనా దక్కడం గోడ ఆవేశం పుణ్యమే. అది లేకుంటే ప్రతి వరుసా తనను పిలిచిన క్షణంలో మాత్రమే మెరిసి ఆరిపోయేది, తెర మసక మసకగా ఉండేది. కంప్యూటరుకు అక్కరలేకపోయిన జ్ఞాపకం టీవీకి ఇలా ప్రాణమైంది.

అయితే జ్ఞాపకంతో తంటా కూడా వచ్చింది. సెకనుకు 480 మార్లు కొత్త పాఠం వ్రాయవలసిన పలక, పాతదానిని అన్నిమార్లూ మరచిపోవాలి. మొదట్లో బలమైన తాకిడి ఒకటి కొట్టి గడులన్నిటినీ ఒక్కమారు మెరిపించి సరిచేసేవారు. దాని ఫలితం, రాత్రి దృశ్యంలో నలుపు కాస్తా బూడిదరంగైపోయేది. వెబర్ చేసిన పని వోల్టేజిని కొట్టకుండా ఏటవాలుగా, మెల్లగా ఎక్కించడం. గడిలో పెద్ద మెరుపుకు బదులు కంటికి ఆనీ ఆనని చిన్న ఉత్సర్గం సాగుతూ ఆవేశాలు వాటంతట అవే సమానమవుతాయి. నలుపు నలుపుగా నిలిచింది. దీనికి 1998లో పేటెంటు వచ్చింది. అప్పటికి రెండేళ్ళ క్రితమే ఆ చిన్న సంస్థను పానసోనిక్ వారి మాతృసంస్థ కొనేసింది. పిల్లవాడికి గుర్తుంచుకోవడం నేర్పినవారే మరచిపోవడం కూడా నేర్పినట్లుంది కథ. ఈ రెండవ పాఠానికి ముప్పై ఏళ్ళు పట్టింది.

కదిలే ముఖాల మీద లేని గీతలు కనబడడం ఇంకొక పీడ. 127కు మొదటి ఏడు ఖండాలూ వెలగాలి, 128కి చివరిది ఒక్కటే. ఛాయలో తేడా పిసరంత, కాలంలో తేడా కొండంత. బొమ్మ వెంట కన్ను కదిలితే ఆ రెంటినీ తప్పుగా కలుపుకొంటుంది. పెద్ద ఖండాలను చీల్చి, వరుస మార్చి దానిని తగ్గించారు.

వై-బోర్డే ఎందుకు పోతుంది? ఏటవాలు ఎక్కింపు, వరుస పిలుపు, ఊగిసలాట, మూడు పనులూ దాని నెత్తినే. పైగా తెర మొత్తం ఒక పెద్ద కెపాసిటర్. లెక్క కోసం నూరు నానోఫారడ్లు, 180 వోల్టులు అనుకొందాం; సెకనుకు ముప్పైవేల మార్లు నింపి ఒలకబోస్తే, ఒక్క చుక్క వెలగకుండానే దాదాపు 97 వాట్లు వేడిగా పోతాయి. వెబర్, తోటివారు 1989లో పేటెంటు పొందిన వలయంలో ఒక తీగచుట్ట ఉంటుంది. ఉయ్యాల ఇటు వచ్చిన ఊపుతోనే అటు వెళ్ళినట్లు, తెరలోని శక్తిని ఆ చుట్ట ద్వారా పక్కనున్న కెపాసిటర్‌లోకి లాగి, మళ్ళీ తిరిగి ఇస్తుంది. ఎక్కువభాగం వృథా కాకుండా ఆగుతుంది. మంచుకొండలు వచ్చినప్పుడు మా తెర కాస్త డీలా పడేది; నా కళ్ళజోడు తప్పనుకొని అద్దాలు కూడా మార్పించాను. తెరంతా తెల్లబడితే కరెంటు మితిమీరకుండా మెరుపుల సంఖ్య తగ్గించే ఏర్పాటట అది!

2002లో ఆ ముగ్గురి ఆవిష్కరణకు ఎమీ పురస్కారం ఇచ్చారు. పాఠశాల పలకకు టీవీ వారి బహుమతి. స్లాటో అప్పటికి లేరు. పయనీర్ 2009లో ఈ రంగం విడిచింది, పానసోనిక్ 2013 చివరకు తయారీ ఆపింది, 2014లో శాంసంగ్, ఎల్‌జీలు కూడా మానుకొన్నాయి. చౌకగా, తేలికగా, తక్కువ కరెంటుతో ఎల్‌సీడీలు వచ్చేశాయి. బిట్జర్ 2024 డిసెంబరులో తన తొంభయ్యవ ఏట కన్నుమూశారు.

మా కుర్రవాడు మూడు వారాలకు, ఎవరో పగిలిందని పారేసిన టీవీలోనుండి వై-బోర్డు సంపాదించి తెచ్చాడు. బిగించాక వెంటనే మూత వేయలేదు. పలక వెనుక మూలన అంటించిన చిన్న చీటీని టార్చి వేసి చదివాడు. వీఎస్ ఇంత, వీఏ ఇంత అని వోల్టేజీలు. “ప్రతి పలకకూ వేరేగా ఉంటాయి మాస్టారూ. ఆ బోర్డు వేరే పలకకు అలవాటుపడింది గదా” అన్నాడు. మీటరు నాకిచ్చి అంకె పైకి చదవమన్నాడు. నేను 188, 190, 191 అని చదువుతుంటే, అతడు చిన్న స్క్రూడ్రైవరుతో మరను వెంట్రుకవాసి చొప్పున తిప్పుతూ, చీటీలోని 192 దగ్గర చెయ్యి తీశాడు.